నేను ఫ్రాన్స్ చుట్టి రాలేదు

సంపాదకులకు నమస్కారం.

గత సోమవారం మీ జిల్లా పేజీలో నా గురించి ఒక వార్త వేశారు. ‘సైకిల్‌పై ఫ్రాన్స్ చుట్టిన బామ్మ’ అని హెడ్డింగ్. వేసినందుకు సంతోషమే. కానీ అందులో తప్పులు సరిదిద్దకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. అంకె తప్పు కనబడితే చెయ్యి ఇప్పటికీ ఎర్ర పెన్ను కోసం తడుముకుంటుంది.

నా వయసు 70 కాదు, 62. పోయిన ఏడాదే రిటైరయ్యాను. నేను తొక్కింది 2,400 కిలోమీటర్లు కాదు, 240. మీ విలేకరి అబ్బాయి ఒక సున్నా ఎక్కువ పెట్టాడు. పరీక్షలో అయితే మార్కులన్నీ పోయేవి. ఇక ఫ్రాన్స్ చుట్టడమంటారా, దక్షిణాన తులూజ్ అనే ఊళ్ళో దిగాను. అక్కణ్ణించి మధ్యధరా సముద్రం దాకా ‘కెనాల్ దు మిది’ అనే కాలువ గట్టు పట్టుకుని వెళ్ళాను. అంతే. కడియం పక్క పుట్టినదాన్ని కాలువ గట్టు మీద సైకిలు తొక్కి ‘సాహసం’ చేసిందంటే, మా నాన్న ఉంటే నవ్వి ఊరుకునేవాడు.

నాన్న లాకు దగ్గర లస్కరు. ఈ కాలం పిల్లలకి లాకు అంటే ఫోనుకి వేసుకునేదే. ఎత్తులో ఉన్న కాలువ నీళ్ళలోంచి పల్లపు నీళ్ళలోకి పడవని దింపడానికి కట్టిన నీటి గది అది. రెండు వైపులా పెద్ద తలుపులు. అటు తలుపు మూసి, తూము ఎత్తి, నీళ్ళు సమమయ్యాక ఇటు తలుపు తీస్తారు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక తవ్విన కాలువలు పొలాలకే కాదు, పడవలకి కూడా. నా చిన్నప్పటికి ధాన్యం పడవలు తగ్గిపోయాయి గానీ బొత్తిగా పోలేదు. అర్ధరాత్రి పడవవాళ్ళు కేకేస్తే నాన్న లాంతరు పట్టుకుని లేచి వెళ్ళేవాడు. మర తిప్పీ తిప్పీ ఆయన కుడి అరచెయ్యి గరుగ్గా, చెక్కలా ఉండేది. ఆ చేత్తోనే నాకు జడ వేసేవాడు.

అందుకే ఎప్పుడో ఒక పాత పత్రికలో ఫ్రాన్స్ కాలువ లాకు ఫోటో చూసినప్పుడు నా కంటికి పడింది లాకు పక్కనున్న చిన్న పెంకుటిల్లు. మా క్వార్టర్సు లాంటిదే. రిటైరయ్యాక చూడాలనుకున్నది అదొక్కటే. అది చూడాలంటే సైకిలు కన్నా మంచి దారి లేదని తర్వాత తెలిసింది. ఆరు నెలలు రోజూ తెల్లవారుజామున బ్యారేజీ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తొక్కాను. పాలవాళ్ళు మొదట్లో నవ్వారు, తర్వాత తర్వాత నేను రాని రోజున ఏమైందని అడిగేవారు.

వీసాకి హైదరాబాద్ వెళ్తే కాగితాలు చూసిన అమ్మాయి రెండుసార్లు అడిగింది, ‘మేడమ్, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు?’ అని. ఎవరి దగ్గరికీ కాదన్నాను. ‘కొడుకో కూతురో ఉన్నారా అక్కడ?’ లేరన్నాను. ‘మరి?’ సైకిలు తొక్కడానికన్నాను. ఆ అమ్మాయి నా వెనకాల ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని చూసింది. పెద్దదాన్ని నేనే. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోలకి తగ్గకుండా ఆరోగ్య బీమా, రోజు రోజుకీ గది బుకింగు, అన్నీ ఫైలులో వరసగా పెట్టుకుని వెళ్ళాను. వచ్చింది.

ఇప్పుడు మీ వార్తలో ‘ధైర్యంగా అడుగుపెట్టారు’ అని రాశారే, ఆ మాట సంగతి.

మే మూడో వారం, ఆదివారం మధ్యాహ్నం తులూజ్‌లో దిగాను. ఎయిర్‌పోర్ట్‌లో బెల్టు తిరిగి తిరిగి ఆగిపోయింది. నా పెట్టె రాలేదు. కౌంటర్‌లో అమ్మాయి రకరకాల పెట్టెల బొమ్మలున్న అట్ట ఒకటి ముందు పెట్టి, నీది ఏ రకమో వేలు పెట్టి చూపించమంది. నా పెట్టెకి పచ్చ నవారు కట్టి ఉంది. ఆ అట్ట మీద నవారుకి బొమ్మ లేదు. నవారు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పలేక, చేతులతో కట్టినట్టు చూపిస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. పెట్టెలో నా సైకిలు సీటు ఉంది. ఆరు నెలలు కూర్చుని అలవాటు చేసుకున్న సీటు. అటుకులు, కందిపొడి, బీపీ మాత్రల రెండో అట్ట కూడా అందులోనే. మొదటి అట్ట హ్యాండ్‌బ్యాగులో ఉందన్న సంగతి గంట తర్వాత గుర్తొచ్చింది.

బస్సులో మతాబియో రైల్వే స్టేషన్ దగ్గర దిగి, కట్టుబట్టలతో హోటలు గదికి చేరాను. స్టేషన్ ఎదురుగానే కాలువ. దాని కోసం అంత దూరం వచ్చి, ఆ సాయంత్రం కిటికీలోంచి కూడా చూడలేదు. ఆకలి. ఆదివారం కదా, కొట్లు మూసేశారు. హోటళ్ళు మధ్యాహ్నం రెండు దాటితే వంటింటి తలుపు వేసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడింటికే. చివరికి ఒక రొట్టెల దుకాణం తెరిచి ఉంటే వెళ్ళి, ‘వన్ బ్రెడ్ ప్లీజ్’ అన్నాను. కౌంటర్ వెనకున్నావిడ నన్ను చూసి ‘బోంజూర్’ అంది. నేను మళ్ళీ బ్రెడ్డన్నాను. ఆవిడ మళ్ళీ, కాస్త నెమ్మదిగా, ‘బోంజూర్’ అంది. మూడోసారికి నాకు వెలిగింది. వాళ్ళకి ముందు నమస్కారం, తర్వాతే బేరం. ‘బోంజూర్’ అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. రొట్టెతో పాటు ఏదో చిన్న తీపి రొట్టె కూడా కాగితంలో చుట్టి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. మనం మాత్రం? ఇంటికొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే ‘పంచదార ఉందా’ అంటే ఎలా ఉంటుంది?

ఆ రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోలేదు. పరదా వేసుకుని పడుకుంటే, ఎందుకొచ్చానురా భగవంతుడా అనిపించింది. రేపు పొద్దున్నే తిరుగు టికెట్టు మార్చుకుందామని ఫోనులో రేటు కూడా చూశాను. చాలా ఎక్కువుంది. అందుకే ఉండిపోయాను. ధైర్యం గురించి నేను చెప్పగలిగింది ఇంతే.

మర్నాడు ఊరు చూశాను. తులూజ్ చుట్టుపక్కల రాయి దొరకదట, అందుకని ఊరంతా ఇటుకే. మా బట్టీల్లోంచి తీసిన ఇటుక రంగే, కాస్త పాలిపోయి ఉంటుంది. దాన్ని గులాబీ నగరం అంటారు. గారోన్ నది మీద పాన్నెఫ్ అని ఒక వంతెన ఉంది. పేరుకి అర్థం కొత్త వంతెన, 1632లో పూర్తయింది. ఊళ్ళో నిలిచి ఉన్న వంతెనల్లో అదే అన్నిటికన్నా పాతది. నది మాత్రం మన గోదావరి ముందు పాయంత. ఆ మాట అక్కడ ఎవరితోనూ అనలేదు.

సాయంత్రానికి పెట్టె వచ్చింది, పచ్చ నవారుతో సహా. మంగళవారం సైకిలు తీసుకున్నాను. తులూజ్‌లో తీసుకుని చివరి ఊళ్ళో అప్పగించే పద్ధతి ఉంది. ఈసారి గుమ్మంలోనే గట్టిగా ‘బోంజూర్’ అన్నాను. షాపు కుర్రాడు నా ఎత్తు చూసి (నాలుగడుగుల పదకొండు అంగుళాలు) లోపలికి వెళ్ళి ఒక సైకిలు తెచ్చాడు. అది ఎక్కువ. ఇంకోటి తెచ్చాడు. అదీ ఎక్కువే. మూడోది, పన్నెండేళ్ళ పిల్లలదనుకుంటాను, నీలం రంగుది, సరిపోయింది. దానికి నా సీటు బిగించమంటే, ఇంత దూరం సీటు మోసుకొచ్చావా అన్నట్టు చూసి, మరేం మాట్లాడకుండా బిగించాడు. చుడీదార్ కాలికి బట్టల క్లిప్పు పెట్టుకుని బయల్దేరాను.

నూరు గజాలు కూడా వెళ్ళకుండానే పడ్డాను. దీని గురించి మీ వార్తలో లేదు, నేనే చెప్పలేదు. అక్కడ కుడి పక్కన వెళ్ళాలన్నది గుర్తు పెట్టుకున్నాను. బ్రేకుల సంగతి ఎవరూ చెప్పలేదు. మన సైకిళ్ళకి ముందు చక్రం బ్రేకు కుడి చేతికి ఉంటుంది. అక్కడ ఎడమ చేతికి. అలవాటుగా ఎడమది గట్టిగా నొక్కేసరికి వెనక చక్రం లేచింది. మోకాలు గీరుకుంది. ఒకావిడ కారాపి దిగింది, ఏదో అడిగింది. ‘ఓకే ఓకే’ అన్నాను. ఎవరైనా అక్కడికి వెళ్ళేవాళ్ళుంటే ముందు ఈ బ్రేకుల మాట చెప్పండి, ఐఫిల్ టవర్ సంగతి వాళ్ళే తెలుసుకుంటారు.

ఊరు దాటేదాకా ఆగి ఆగి వెళ్ళాను. పక్కనుంచి ఆఫీసులకి, కాలేజీలకి పోయేవాళ్ళు సైకిళ్ళ మీద ఝామ్మని దూసుకుపోతున్నారు. రామన్‌విల్ దాటాక జనం పలచబడ్డారు. ఇక ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పొలం, నెత్తిన చెట్లు. ఎదురుగాలి. ‘ఒతాన్’ అంటారు ఆ గాలిని, ఆగ్నేయం నుంచి రోజుల తరబడి కొడుతుందట, నేను వెళ్ళేది సరిగ్గా ఆ దిక్కుకే. గేరు తగ్గించుకుని, వంగి, మా ఊరి కరణంగారి గుర్రబ్బండంత నెమ్మదిగా వెళ్ళాను. అయినా ఆ పూట నా బతుకులో మంచి పూటల్లో ఒకటి.

తులూజ్ నుంచి ఓ ముప్పై కిలోమీటర్లు పోయాక నెగ్రా అనే లాకు వచ్చింది. పూర్వం తులూజ్ నుంచి బయల్దేరిన టపా పడవ మొదటి రోజు మధ్యాహ్న భోజనానికి ఆగేది అక్కడేనట. లాకు గోడలు మనవాటిలా తిన్నగా లేవు, కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బి ఉన్నాయి. మొదట్లో తిన్నగా కట్టిన గోడలు మట్టి ఒత్తిడికి కూలితే, ఇలా వంపు తిప్పి కట్టారు. పక్కనే పెంకుటిల్లు. గోడ మీద పలక, పై లాకు ఎంత దూరం, కింది లాకు ఎంత దూరం అని మీటర్లలో. నేను ఫోటోలో చూసిన ఇల్లు ఇదే అయ్యుండాలని లేదు. అన్నీ అలాగే ఉన్నాయి.

సైకిలు స్టాండు వేసి కూర్చున్నాను. ఒక పడవ కింది నుంచి వచ్చింది. లాకు చూసే మనిషి ముప్పై ఏళ్ళ ఆడపిల్ల, పొట్టి జుట్టు. బటన్ నొక్కితే తలుపులు మూసుకున్నాయి. పై తూములు లేచాయి. ఆ చప్పుడుంది చూశారూ, ముందు ఎక్కడో లోపల గుర్రుమని, తర్వాత నీళ్ళు కింది నుంచి తెల్లగా మరిగినట్టు పైకి రావడం. పడవ తాడు ఇనప గుంజకి ఒక చుట్టు వేసి, పడవ లేచేకొద్దీ వదులు లాగుకుంటోంది పైనున్నావిడ. నాన్న ఎప్పుడూ పడవవాళ్ళని అరిచేది అందుకే: ముడి వెయ్యకండ్రా, చుట్టు వెయ్యండి! ముడి వేస్తే నీళ్ళు దిగేటప్పుడు పడవ వేలాడిపోతుంది. నేను అక్కడ తెలుగులోనే ‘చుట్టు, చుట్టు’ అన్నాను. ఆవిడ నవ్వి చెయ్యి ఊపింది.

లాకు అమ్మాయికి ఫోనులో అనువాదం పెట్టి చూపించాను, మా నాన్న మీ ఉద్యోగమే చేసేవాడని. ఆ పిల్ల రెండుసార్లు చదివింది. తర్వాత నన్ను తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, పూర్వం చేత్తో తిప్పిన మర చూపించింది. చెయ్యి వేశాను. నున్నగా అరిగి, ఎండకి వేడెక్కి ఉంది. సరిగ్గా పన్నెండున్నరకి ఆ అమ్మాయి భోజనానికి వెళ్ళిపోయింది. లాకుకి భోజన విరామం! గంట సేపు పడవలన్నీ ఆగాల్సిందే. నాన్నకి ఈ సంగతి చెబితే ఏమనేవాడో.

మిగతా పదిరోజులూ క్లుప్తంగా చెబుతాను. నోరూజ్ దగ్గర కాలువ ఎత్తు సముద్రమట్టానికి 189 మీటర్లు. అక్కణ్ణించి నీళ్ళు ఒక పక్క అట్లాంటిక్ వైపు, ఇంకో పక్క మధ్యధరా వైపు పోతాయి. ఆ ఎత్తుకి నీళ్ళెలా తేవాలన్నదే అందరూ చేతులెత్తేసిన లెక్క. చేసినవాడు ఇంజనీరు కాదు, పియర్ పాల్ రికే అని ఉప్పు పన్ను వసూలు చేసే అధికారి. నల్లకొండల వాగుల నీళ్ళు పట్టి, సాన్ ఫెరియోల్ దగ్గర చెరువు కట్టి, పిల్లకాలువల్లో ఇక్కడికి రప్పించాడు. 1666లో రాజు అనుమతి, 1681లో కాలువ పూర్తి. ఆయన 1680లోనే పోయాడు, కొన్ని నెలల ముందు. ఆస్తి అంతా దీని మీదే పెట్టి అప్పులతో పోయాడట. బెజియే దగ్గర లాకులు మెట్లలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అక్కడ పూట గడిపాను. కార్కసాన్ కోట బాగానే ఉంది, జనం మరీ ఎక్కువ. తులూజ్ నుంచి యాభై కిలోమీటర్ల దాకా తారు, తర్వాత మట్టి దారి, వేర్లు. ఒకరోజు వానలో ఆ బురద తొక్కుతుంటే అచ్చం మా గట్టే.

బాధ పడింది చెట్ల దగ్గర. గట్టు పొడవునా ప్లేన్ అనే నీడ చెట్లు సుమారు 42,000 ఉండేవి. 2006లో వాటికి బూజు తెగులు కనబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికుల మందుగుండు పెట్టెల చెక్కతో వచ్చిందంటారు. మందు లేదు. నరికి, కాల్చి, వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. కొన్ని మైళ్ళు నీడ లేకుండా, మోళ్ళు కూడా లేకుండా పోయాయి. కొత్త మొక్కలకి కర్ర పాతి, చుట్టూ కట్టు కట్టారు. మా కడియం నర్సరీ వాళ్ళు చూస్తే కట్టు వదులైందని సరిచేసి వచ్చేవారు.

ఒంటరి ఆడదానికి భయం లేదా అని ఫోన్లు చేసినవాళ్ళందరూ అడిగారు. ఉంది. ఒక వంతెన కింద చీకటి దారి, ఒక ఊళ్ళో వదిలేసిన కుక్క. నీళ్ళ అంచున రెయిలింగ్ ఉండదు, అది ఇంకో భయం. మనుషుల వల్ల ఇబ్బంది రాలేదు. ఖర్చు ఎంతైందని అడిగినవాళ్ళు ఇంకా ఎక్కువ: విమానం, వీసాతో కలిపి రెండు లక్షలకి కాస్త లోపు. గ్రాట్యుటీ డబ్బు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీ విలేకరితో నేను అరగంట మాట్లాడింది మా గట్టు గురించి. వార్తలో ఒక్క ముక్క లేదు. మన కాలువ వాళ్ళ కాలువ లాంటిది కాదు, నాకు తెలుసు. వాళ్ళది పడవల కోసం పుట్టింది, ఇప్పుడు సెలవుల పడవలే తిరుగుతాయి. మనది లక్షల ఎకరాలకి నీళ్ళివ్వాలి, ఎండాకాలం కట్టేసి పూడిక తియ్యాలి. గట్టు మీద ట్రాక్టరు వెళ్ళాలి. దాన్ని పార్కు చెయ్యమని నేనడగటం లేదు. బోటింగు వద్దు, ఫుడ్ కోర్టు అసలే వద్దు. ధవళేశ్వరం నుంచి కడియం దాకా గట్టు మీద కోడి వ్యర్థాల సంచులు పడెయ్యకుండా, ముళ్ళకంప కొట్టి, మనిషి సైకిలు తొక్కే వెడల్పు వదిలితే చాలు. నేను స్కూలుకి ఆ దారినే తొక్కుకుంటూ వెళ్ళాను. మా పెద్దమేనకోడలి పిల్ల ఇప్పుడు అదే దూరం మెయిన్ రోడ్డు మీద, ఇసుక లారీల మధ్య వెళ్తోంది. మా పాత లాకు తలుపు ఒకటి తుప్పు పట్టి ఒరిగి, గుర్రపు డెక్కలో సగం మునిగి ఉంది. దాని పక్కన ఒక పలక పెట్టి, పై లాకు ఎంత దూరమో కింది లాకు ఎంత దూరమో రాయడానికి ఎంతవుతుంది? జలవనరుల శాఖ వారు ఒప్పుకుంటే పలక ఖర్చు నేను పెట్టుకుంటాను. దూరాలు నాకు నోటికి వచ్చు.

మీరు సవరణ వేస్తే ఒక చిన్న మాట కూడా కలపండి. ఫోటోలో నేను పట్టుకుని నిలబడ్డ ఎర్ర గేరు సైకిలు నాది కాదు. నాది చక్రం విప్పి ఉందని మీ విలేకరి పక్కింటి అబ్బాయిది తెప్పించాడు. ‘టీచరుగారు నా సైకిలు ఫ్రాన్స్ తీసుకెళ్ళారా?’ అని వాడు రోజూ వచ్చి అడుగుతున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా